మందునీళ్ల పాఠం

సెబూ దీవిలోని కార్‌కార్ ఊళ్లో నెరీసా కబాహుగ్ అంటే మూడో తరగతి పంతులమ్మ. పదిహేనేళ్లపాటు ఆమెకు వేరే పేరు లేదు. తరగతి నిండా యాభైముగ్గురు పిల్లలు, నెత్తిన రేకుల కప్పు. వానొస్తే ఆ రేకుల మోతను మించి గొంతెత్తాలి. ఆమె ఎత్తింది. దేవుడిచ్చిన గొంతును దేవుడి పిల్లల కోసమే అరగదీసింది. ముప్పై ఎనిమిదో ఏట అది గరగరలాడి, తర్వాత బొంగురుపోయి, చివరికి మధ్యాహ్నం దాటితే అసలు పలకడం మానేసింది. పనివాళ్ల అరచేతుల్లో కాయలు కాసినట్టే గొంతులోనూ కాస్తాయని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు.

"రోజుకు గంటకు మించి గట్టిగా మాట్లాడితే, ఆ గంట కూడా మిగలదమ్మా" అన్నాడాయన.

ప్రభుత్వ కొలువు కొబ్బరిచెట్టు లాంటిది. దిగినవాడు మళ్ళీ ఎక్కుదామని చూసేసరికి పైన ఇంకొకడు కూర్చుని ఉంటాడు. ఆ సంగతి తెలిసీ నెరీసా దిగింది. వేరే దారి లేక దిగింది. బడిలో చివరిరోజున పిల్లలు ఏడ్చారు. తోటి పంతులమ్మలు మాత్రం ఆమె గోడకు తగిలించిన పెద్ద కాగితాల బొమ్మల కోసం పోటీపడ్డారు. చంద్రుడెందుకు సన్నబడతాడో, భాగారం ఎలా చెయ్యాలో, నోట మాట లేకుండానే పిల్లాడికి తెలిసిపోయేలా గీసేది ఆమె.

వాళ్లలో ఒకామె చుట్టేసిన కాగితాలు చంకలో పెట్టుకుంటూ అంది: "నీకు గొంతెందుకే అసలు? సెబూ పట్నంలో ఇదే పనికి ఆఫీసులున్నాయట. బ్యాంకులకీ ఓడలకీ ఆసుపత్రులకీ కంప్యూటర్లో పాఠాలు తయారుచేసి అమ్ముతారట. మా మరిది కూతురు చెప్పింది. ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్ అంటారట."

ఆ మాట ఇంటికొచ్చి మొగుడు నీలోతో చెబితే, మూడుచక్రాల బండి గొలుసుకు నూనె రాస్తూ అతను తలెత్తలేదు. "అంటే పాఠాలు కుట్టే దర్జీవన్నమాట. కొలతలు తీసుకుంటావా మరి?"

నవ్వులాటకు అన్నా, అతను అన్నది నిజమే. ఆ పనంతా కొలతల్లోనే ఉంది. ఎవరికి పాఠం, వాళ్లకు ఇప్పటికే ఏం వచ్చు, ఏం రాదు, నేర్చుకున్నాక వాళ్ల చేతులు ఏం చెయ్యాలి, చేశాయని మనకెలా తెలియాలి. ఎనిమిది నెలలు ఆమె అదే నేర్చుకుంది. ఇంట్లో కంప్యూటరు లేదు. గుడి ఆఫీసులో ఉన్నదాన్ని రోజూ మధ్యాహ్నం రెండు గంటలు వాడుకోనిచ్చారు ఫాదరు. అక్కడి సిస్టరు ఒకామె ఏమీ అనకుండానే గ్లాసుడు అల్లంనీళ్లు తెచ్చి పక్కన పెట్టి వెళ్లేది. ఇలాంటివి ఎవరూ లెక్కపెట్టరు. పైవాడి దగ్గర మాత్రం లెక్క ఉంటుందని నెరీసా నమ్మకం.

ఇరవైరెండు చోట్ల అడిగింది. ప్రతిచోటా ఒకే మాట, ఇంతకుముందు ఏ కంపెనీకి చేశావో చూపించు. పని ఇస్తేగా చూపించడానికి. చివరికి జనవరిలో బాలయేసు పండుగ అయిన మర్నాడు ఒక చిన్న కంపెనీ ఆమెను ఆరునెలల పరీక్ష మీద తీసుకుంది. ఆరో నెల ఆఖరున పర్మినెంటు చేసే కాగితం మీద సంతకం పడితే ఉద్యోగం. పడకపోతే సెలవు. మూడో సంగతి లేదు. వయసు నలభైకి దగ్గర పడింది, పాత కొలువు పోయింది, గొంతు పోయింది. ఆ సంతకం పడకపోతే తనను ఎక్కడా మనిషిగా లెక్కవెయ్యరని నెరీసాకు రూఢిగా అనిపించింది.

సెబూ పట్నం పక్కనే ఉన్న మాండావేలో ఒక గదిలో మంచం అద్దెకు తీసుకుని, శనివారం శనివారం ఊరికి వెళ్లొచ్చేది. ఆఫీసులో అందరూ ఇరవైల్లో ఉన్నవాళ్లే. సగం వేళాకోళంగా, సగం చిన్నప్పటి అలవాటుగా ఆమెను మేడం అనేవారు. పైఅధికారి రెనాంటే చెడ్డవాడు కాదు. ఆమె మధ్యాహ్నం ఉత్త అన్నం, ఉప్పుచేప తింటోందని గమనించి, తన గిన్నెలో కూర సగం ఆమె మూత మీద వేసి, తన చోటికి వెళ్లిపోయేవాడు.

మేనెలలో ఆమెకు సొంతంగా మొదటి పాఠం అప్పగించారు. మామిడిపండు బద్దలు ఎండబెట్టి విదేశాలకు పంపే ఫ్యాక్టరీ అది. కోతకు ముందు పండ్లను మందునీళ్లలో ముంచాలి. మందు తక్కువైతే బద్దలకు బూజు పడుతుంది, ఎక్కువైతే వాసన కొడుతుంది. వాసన కొడుతోందని ఒక ఓడ సరుకు తిరిగొచ్చింది. ముప్పైమంది కోత ఆడవాళ్లకు ఆ నీళ్లు కలపడం సరిగ్గా నేర్పాలి.

నెరీసా ప్రాణం పెట్టి చేసింది. ఇన్ని లీటర్లకు ఇన్ని గ్రాములు, ఆపైన పరీక్ష కాగితం ముంచి, అది తిరిగిన ఊదారంగును పట్టికలో రంగుతో పోల్చుకోవడం. నవ్వే మామిడిపండు బొమ్మ చెయ్యి పట్టుకుని నడిపించినట్టు నడిపిస్తుంది. చివర పది ప్రశ్నలు.

జూన్‌లో ఆ పాఠం చూపించిన రోజున ఊరి నుంచి అంపావ్ తీసుకెళ్లింది, ఆ తియ్యటి బొరుగుల అచ్చులు కార్‌కార్‌లో చేసినట్టు ఇంకెక్కడా చెయ్యరు. ఆడవాళ్లు చేతులు కడుక్కుని తలా ఒకటి తీసుకున్నారు. వాళ్లందరికీ పెద్దదిక్కు మనాంగ్ విసీతా. మనాంగ్ అంటే అక్కగారు. యాభై దాటిన మనిషి, ఇరవైయేళ్లుగా కత్తి పట్టిన చెయ్యి. ఆమె అడిగింది, "ఇదంతా నువ్వే చేశావా మేడం?"

"నేనే మనాంగ్. ఇదే నా మొదటిది. బాగా జరిగితేనే నన్ను ఉంచుకుంటారు."

నోరు జారిన మాట కాదది, మనసులోది. అక్కలాంటి మనిషి అడిగితే చెప్పింది. అంతే.

ముప్పైమందికీ పదికి పది. పాఠం ఎలా ఉందో చెప్పమన్న కాగితాల మీద ముప్పై నవ్వు ముఖాలు. రెనాంటే ఆ అంకెలు గోడ మీద అంటించి, "మేడం, జూలైలో మీ సంతకానికి నా పెన్ను ఇప్పుడే తీసి పెట్టుకుంటున్నా" అన్నాడు. ఆ శనివారం నీలో ఇంటికి కోడిని తెచ్చాడు.

మూడు వారాలకు ఇంకో ఓడ సరుకు తిరిగొచ్చింది. ఫ్యాక్టరీలో నాణ్యత చూసే మేడం ఫ్లోర్‌దెలీస్ తొట్లన్నీ కొలిపించింది. పద్నాలుగు తొట్లలో తొమ్మిది తప్పు.

రెనాంటే తలుపు వేసి నెరీసాను కూర్చోబెట్టాడు. "ముప్పైమందికి నూటికి నూరు వచ్చిందని రాసిచ్చాం. ఇదేంటి మేడం మరి?"

నెరీసా తొట్ల లెక్క రాసిన కాగితాన్ని తన వైపు లాక్కుని చదివింది.

"సరే. వాళ్లు రెండో పాఠం అడుగుతున్నారు. పెద్దది. ఈసారి పరీక్ష ఒక్కొక్కళ్లనూ విడిగా గదిలో కూర్చోబెట్టి, పేరు వేసి. మూడుసార్లు తప్పినవాళ్లను కోత నుంచి తీసేస్తారట. వచ్చే శుక్రవారానికి చేసివ్వండి. మీ ఆరు నెలలు కూడా ఆ శుక్రవారమే కదా. రెండు కాగితాలూ ఒకేసారి సంతకం పెట్టేస్తా."

పాఠం కట్టే ముందు ఫ్యాక్టరీకి వెళ్లొస్తానని ఆమె సెలవు అడిగింది. జనాన్ని ఎక్కించుకుపోయే సర్వీసు జీపులో కూర్చుంటే, వెనకనున్నవాళ్ల చిల్లర చేతులు మారుతూ డ్రైవరుదాకా పోతోంది, తిరిగి వచ్చే చిల్లర అలాగే చేతులు మారుతూ వెనక్కి వస్తోంది. తన చేతిలోంచీ పోయింది. ఇంతమంది ఒకరికొకరు నమ్మకంగా అందించుకుంటున్న చోట, తన పాఠం ఒక్కటే ఎవరి చేతికీ ఎందుకు అందలేదో ఆమెకు అంతుపట్టలేదు.

కోత బల్ల దగ్గర అందరూ తలలు దించుకున్నారు. నెరీసా మనాంగ్ విసీతా పక్కన నిలబడింది.

"మనాంగ్, ఆ రోజు పరీక్ష ఎవరికి వాళ్లే రాశారా?"

"రాశాం మేడం." కత్తి ఆగలేదు.

"అందరూ?"

"వేళ్లు ఎవరివి వాళ్లవే. బుర్ర మాత్రం ఆ చివర కూర్చున్న మరిసెల్‌ది. కాలేజీలో ఒక ఏడు చదివిందిలే." బల్ల చుట్టూ కిసుక్కున నవ్వారు.

"ఎందుకలా చేశారు?"

"నువ్వే కదమ్మా చెప్పావు, ఇది బాగా జరిగితేనే ఉంచుకుంటారని. ముప్పైమందిమి కూర్చుని ఒక మనిషి కూట్లో మన్ను పోస్తామా?"

"మరి కాగితాల మీద నవ్వు ముఖాలు?"

"నువ్వు తెచ్చిన అచ్చు నోట్లో పెట్టుకుని, నీ పాఠం తలకెక్కలేదని రాయమంటావా? మా అమ్మ నన్నలా పెంచలేదు."

నెరీసా గోడకు చేరబడింది. తనను ముంచిన చెయ్యి ఏదో తెలిసింది. దాని మీద కోపం తెచ్చుకుందామంటే రావడం లేదు. శత్రువులైతే నిజం చెప్పి ఉండేవాళ్లు. వీళ్లు తనను తమ మనిషి అనుకున్నారు.

తేరుకుని, ఒక్కొక్కరినీ తొట్టి దగ్గరికి పిలిచి నీళ్లు కలపమంది. అది ఇంకా పాడైంది. వాళ్లు తొట్టి చూడ్డం లేదు, ఆమె ముఖం చూస్తున్నారు. ఆమె కనుబొమ చిట్లితే చెయ్యి ఆగుతుంది, సడలితే మందు పడుతుంది. గంటసేపు అలా గడిచాక ఆమెకు ఏడుపొచ్చింది. అక్కడే జపమాల పట్టుకోవాలనిపించింది, కానీ చేతులకు తడి తొడుగులున్నాయి. నోట్లోనే అనుకుంది, తల్లీ, నాకు చూపించు.

అప్పుడు తోచింది. తన చోటు మార్చుకోవాలని.

"మనాంగ్, నేను ఇవాళే కోతలో చేరాననుకో. నాకు నువ్వు నేర్పు."

విసీతా ముఖం విప్పారింది. నేర్పమంటే ఆ మనిషికి ఎక్కడ లేని హుషారు వస్తుంది. "ఇలా రా. ముందు నీళ్లు పట్టు. అక్కడిదాకా... పిడి కింద రెండు వేళ్లు. మా మరిసెల్ నాలుగు వేళ్లంటుంది, దానికి బద్ధకం. ఇప్పుడు మందు."

"గ్రాములు తూచాలి కదా?"

"తూచాలి. తూచే కాటా ఫ్లోర్‌దెలీస్ మేడం గదిలో బీరువాలో ఉంది. ఒకసారి పోయిందట, అప్పట్నుంచి తాళం. ఆమె పదికి వస్తుంది, మేం ఆరుకి మొదలెడతాం. ఇదిగో, ఈ సార్డీన్ డబ్బా మూతతో పొయ్యి."

"నిండుగానా?"

"నిండుగానే. మరీ నిండుగా కాదు."

నెరీసా పోసింది. కలిపింది. పరీక్ష కాగితం ముంచి, పైన వేలాడే పసుప్పచ్చ దీపం కింద పట్టికతో పోల్చింది. సరైన రంగే. తన పాఠంలో చూపించిన రంగే. ఎందుకో ఆ కాగితాన్ని పట్టుకుని వాకిట్లోకి నడిచింది. ఎండలో చూస్తే అది వంకాయరంగు. రెండింతల మందు.

ఆ పాఠం కట్టింది తను. ప్రతి మాటా తనకు కంఠతా వచ్చు. పది ప్రశ్నలూ తను రాసినవే. పాఠంలో ఉన్నదంతా తెలిసి, తన చేత్తో, తప్పు కలిపింది.

వాకిట్లో మామిడి టెంకల గుట్ట పక్కన ఆమె చాలాసేపు నిలబడిపోయింది. ఈ ఆడవాళ్లకు రానిదేమీ లేదు. నీళ్లు ఎక్కడిదాకా పట్టాలో తొట్టికి గీత లేదు, మందు కొలిచే చెంచా లేదు, రంగు చూసుకునే తెల్ల దీపం లేదు. మూడూ ఉంటే పాఠం అక్కర్లేదు. తను కట్టిన పాఠమూ అక్కర్లేదు, శుక్రవారానికి కట్టాల్సిన పాఠమూ అక్కర్లేదు.

పాఠాలు కట్టే మనిషి పాఠం అక్కర్లేదని రాయాలి. రాస్తే తన సంతకం పోతుంది. రాయకపోతే, మూడుసార్లు తప్పి పోయేవాళ్లలో మొదటిది విసీతా అవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

రెండు రోజులు రాయకుండానే గడిపింది. అంత మంచిదేం కాదు నెరీసా కూడా. ఆఫీసులో కూర్చుని రెండో పాఠం మొదలుపెట్టింది. నవ్వే మామిడిపండుకు కళ్లజోడు తగిలించింది. తనకు తాను సర్ది చెప్పుకుంది, పాఠం ఇచ్చి, దాంతోపాటే గీత సంగతీ చెబితే పోలేదా అని. కానీ పాఠం కొన్నవాళ్లు పరీక్ష పెడతారు. పరీక్ష పెట్టినవాళ్లు పేర్లు కొట్టేస్తారు. గీత ఎప్పుడో గీస్తారు, గీస్తే. బుధవారం మధ్యాహ్నం భోజనానికి లేచి, గుడికి వెళ్లి, ఖాళీ బెంచీ మీద మోకరించి, ఏమీ అడగలేకపోయింది. ఉద్యోగం ఇవ్వమని అడిగితే విసీతా గుర్తొస్తోంది. విసీతాను కాపాడమంటే నీలో గుర్తొస్తున్నాడు. ఊరికే ఉండిపోయి లేచొచ్చింది.

వచ్చి, తొట్టికి గీత, మందుకు చెంచా, పైన తెల్ల దీపం ఉంటే చాలని రెండు పేజీలు రాసి రెనాంటే బల్ల మీద పెట్టింది.

అతను రెండుసార్లు చదివాడు. "ఇందులో పాఠం ఎక్కడుంది మేడం?"

"లేదు సార్. అక్కర్లేదు."

"మనం రంగు డబ్బాలు అమ్మం. పాఠాలు అమ్ముతాం."

"తెలుసు సార్."

"మీరు చెప్పింది తప్పని నేననడం లేదు." అతను కుర్చీలో వెనక్కి వాలాడు. "కానీ ఇది పంపితే వాళ్లు రెండో పాఠం మానుకుంటారు. మొదటిదాని డబ్బూ వెనక్కి అడుగుతారు. అప్పుడు నేను పైవాళ్లకు మీ పేరు ఎలా చెప్పను? నేను ఈ కాగితం చూడలేదనుకుంటా. శుక్రవారం పాఠం ఇవ్వండి. నాకూ పిల్లలున్నారు మేడం."

"రేపు నేనే ఫ్లోర్‌దెలీస్ మేడంకి చెప్పేస్తాను సార్. మీకు చెప్పకుండా చెయ్యడం ఇష్టం లేక ముందు మీ దగ్గరికొచ్చాను."

అతను ఆ రెండు పేజీలూ ఆమె వైపు జరిపాడు. "చెప్పండి. నేను ఆపను. సంతకం మాత్రం నా చేతిలో ఉండదిక."

ఫ్లోర్‌దెలీస్ మొదట నమ్మలేదు. "కంప్యూటర్ పాఠానికి కబురు పెడితే తొట్లకు రంగు వేయమంటారేంటి?" అంది. నెరీసా ఆమెను తొట్టి దగ్గరికి తీసుకెళ్లి, తొడుగులిచ్చి, కలపమంది. ఫ్లోర్‌దెలీస్ కలిపింది, దీపం కింద చూసి తల ఊపింది. ఇద్దరూ కలిసి వాకిట్లోకి నడిచారు. ఆమె కాగితాన్ని ఎండలో చూసి, లోపలికెళ్లి బీరువా తాళం తీసింది. సాయంత్రానికి పద్నాలుగు తొట్లకూ నీలి గీతలు పడ్డాయి. తూచి చూసి, పాలపొడి డబ్బాల్లో వచ్చే చెంచాలను సరైన కొలతకు కోసి, ఒక్కో తొట్టికి ఒకటి దారంతో కట్టారు. దీపాలు మర్నాడు మార్చారు. ఆ పొద్దున కలిపిన నీళ్లు పద్నాలుగు తొట్లలోనూ సరిపోయాయి.

శుక్రవారం రెనాంటే నెరీసా చేతికి సెలవు కాగితం ఇచ్చాడు. తను చేయగలిగింది చేశాడు పాపం, దాంతోపాటు ఆమె గురించి మంచిమాటలు రాసిన ఉత్తరం ఒకటి పెట్టాడు. తోటి పిల్లలు ఆమె కప్పూ చెప్పులూ ఒక అట్టపెట్టెలో సర్దిపెట్టి, కిందిదాకా మోసుకొచ్చారు. నీలోకు ఫోను చేసింది.

"కాలేదు" అంది.

వెనక బండి ఇంజను చప్పుడు వినిపిస్తోంది. "అన్నం తిన్నావా?" అన్నాడు.

ఊరి బస్సుకు ఇంకా పొద్దుంది. అట్టపెట్టె పట్టుకుని, ఎందుకు వెళుతోందో తెలియకుండానే ఫ్యాక్టరీకి వెళ్లింది. ఆమెను చూడగానే కోత బల్ల దగ్గర అందరూ కత్తులు దించారు. ఆమె సంగతి తేలేది ఆ శుక్రవారమేనని ఫ్లోర్‌దెలీస్ మేడం ద్వారా వాళ్లందరికీ తెలుసు.

"ఏమైంది? పర్మినెంటు చేశారా?" విసీతా అడిగింది. ముప్పై ముఖాలు. వాళ్ల కళ్లలో ఆశ చూస్తే, అయిందని ఒక్కమాట అనేస్తే పోలేదా అనిపించింది. ఒక్క అబద్ధం, ముప్పైమంది కడుపులు చల్లగా. అనడానికి నోరు తెరిచింది కూడా.

"లేదు మనాంగ్. తీసేశారు."

మరిసెల్ కళ్లు తుడుచుకుంది. విసీతా మాత్రం బల్ల దగ్గర కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది.

"మా వల్లేనా?"

"కొంత మీ వల్ల. కొంత నా వల్ల. ఆ రోజు మీకు ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది."

విసీతా బల్ల మీది తొక్కలు ఒక పక్కకు తోసింది. "ఇంకో మూడు వారాల కాయ ఉంది. ఇద్దరు రేపట్నుంచి మానేస్తున్నారు. ఫ్లోర్‌దెలీస్ మేడంతో నేను మాట్లాడతా. వేరే పని దొరికేదాకా ఇక్కడ కూర్చో" అంది.

నెరీసా అట్టపెట్టె కింద పెట్టింది. ఇరవైనాలుగో చోటు ఎక్కడ అడగాలో తెలియదు. అడిగితే ఏం చూపించాలో అసలే తెలియదు. ఇంటి దగ్గర సోమవారం నుంచి ఏమిటో తెలియదు. తొడుగులు వేసుకుని కత్తి తీసుకుంది. టెంకకు ఆనించి పండు చెంప కొయ్యబోతే కత్తి పక్కకు జారి, సగం గుజ్జు టెంకకే మిగిలిపోయింది. అంచు రంపంలా వచ్చింది. తలెత్తి విసీతా ముఖం చూసింది.

విసీతా ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, పక్కన చెత్తగంపలో పడేసింది.

"బాగాలేదు దాయ్" అంది, సొంత చెల్లెల్ని పిలిచినట్టు. "మళ్ళీ కొయ్యి."